నురగ చల్లారని గిన్నె

పెంబర్తి అనగానే గుడి గుర్తుకొస్తుంది. ధ్వజస్తంభానికి తొడిగిన ఇత్తడి రేకు, గర్భగుడి తలుపుల మీది బొమ్మలు, దేవుడి వెనుక మకరతోరణం, ఊరేగింపు వాహనాలు. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్ళే తోవలో, జనగామ ఇంకాస్త దూరం ఉందనగా వచ్చే ఊరిది. ఇక్కడి విశ్వకర్మల లోహపు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అంత పేరున్న పనితనాన్ని గడ్డం గీసుకునే గిన్నె దాకా దించడం చిన్నతనం అనేవాళ్ళు ఉండొచ్చు. నాకైతే అదే సరైన పరీక్ష అనిపిస్తుంది. తోరణాన్ని దూరం నుంచి దండం పెట్టుకుంటూ చూస్తాం. గిన్నెనో, రోజూ తడి చేత్తో పట్టుకుంటాం, వేణ్ణీళ్ళలో పెడతాం, తోముతాం, ఒక్కోసారి కింద పడేస్తాం. పనిలో లోపం ఉంటే నెల తిరక్కుండా బయటపడుతుంది.

ఇక్కడ పరిచయం చేస్తున్నది అలాంటి గిన్నెనే. గడ్డం పూర్తయ్యేదాకా నురగనూ, బ్రష్షునూ వెచ్చగా ఉంచాలి. అంతకు మించి దానికి వేరే పని లేదు. ఆ ఒక్క పని సరిగ్గా జరగాలంటే లోహం ఎంత పలచగా ఉండాలి, అంచు ఎలా తిరగాలి, లోపల ఏ పూత ఉండాలి, దాన్ని దేనిలో కూర్చోబెట్టాలి అన్నవి చూస్తూ పోతే పెంబర్తి చేతిపని గుట్టు చాలావరకు తెలిసిపోతుంది.

వెచ్చదనం ఎందుకు

భూపాలపల్లిలో కేటీకే గనులకు మొదటి షిఫ్టుకు పోయే సింగరేణి కార్మికుణ్ణి అడగండి, డిసెంబరులో పొద్దున్నే గడ్డం గీసుకోవడం ఎంత చిరాకో చెబుతాడు. మొదటి వరస గీసేటప్పుడు నురగ గోరువెచ్చగా ఉంటుంది. రెండోసారి రాసుకునే వేళకు బ్రష్షు చల్లబడి ఉంటుంది. చెంప మీద పెట్టగానే చర్మం ముడుచుకుంటుంది, వెంట్రుక బిరుసుగా నిలబడుతుంది, బ్లేడు గుంజుతుంది.

అసలు వెంట్రుకను మెత్తబరిచేది నీళ్ళే. గడ్డపు వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు చాలా గట్టిది. రెండు మూడు నిమిషాలు తడిసి నీళ్ళు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే ఆ పని తొందరగా అవుతుంది. మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రస్వామి గుడి దగ్గర, కాళేశ్వరంలో గోదావరి ఒడ్డున తలనీలాలు తీసేవాళ్ళను గమనించండి. సబ్బు లేదు, క్రీము లేదు. తలను బాగా తడిపి, వేళ్ళతో మర్దనా చేసి కత్తి పెడతారు. పనిలో సగం నీళ్ళే చేసేస్తాయి.

మరి నురగ ఎందుకంటే, ఆ తడి ముఖం మీది నుంచి జారిపోకుండా పట్టి ఉంచడానికి. వెంట్రుక మీది జిడ్డును సబ్బు తీసేస్తే నీళ్ళు లోపలికి పోతాయి. బ్లేడు జారడానికి ఒక పొర దొరుకుతుంది. గడ్డం సబ్బుల్లో ఎక్కువగా ఉండేవి స్టియరిక్ ఆమ్లపు లవణాలు. ఇవి చల్లటి నీళ్ళలో సరిగ్గా కరగవు. అందుకే చలికాలంలో బ్రష్షు ఎంత తిప్పినా నురగ పిడచకట్టి త్వరగా ఆరిపోతుంది. వెచ్చటి నీళ్ళలో అదే సబ్బు సన్నని బుడగలతో మీగడలా లేస్తుంది.

ఇక్కడ మన నేలకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. జనగామ, మహబూబాబాద్ చుట్టుపక్కల నేల అడుగునంతా నల్లరాయి. బోరు నీళ్ళు చాలాచోట్ల కఠిన జలాలే. వాటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారిపోతుంది, నురగ సరిగ్గా రాదు. ఆ తెట్టును గిన్నె దోషమనుకుని గిన్నె మార్చేవాళ్ళున్నారు. ముందు మార్చాల్సింది నీళ్ళు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చే ఇంట్లో గడ్డానికి అవే వాడుకోవడం మేలు.

ఎవరి గిన్నె వాళ్ళది

క్షౌరానికీ ఇత్తడికీ చుట్టరికం పాతది. యూరప్‌లో మంగలి పళ్ళెం అని ఒకటుండేది. దాని అంచులో మెడకు ఆనేట్టు చంద్రవంక ఆకారంలో ఒక కోత ఉండేది. గడ్డం కింద పళ్ళెం పట్టుకుంటే నీళ్ళూ నురగా బట్టల మీద పడకుండా అందులోకి కారేవి. 1605లో సెర్వాంటెస్ రాసిన డాన్ కిహోటే నవలలో, వానకు తడవకుండా ఒక మంగలి తన ఇత్తడి పళ్ళేన్ని నెత్తిన బోర్లించుకుని వస్తుంటే, కథానాయకుడు దాన్ని బంగారు శిరస్త్రాణం అనుకుని గుంజుకుంటాడు. ఆ హాస్యం పండిందంటే అప్పటి పాఠకులకు ఆ పళ్ళెం అంత బాగా తెలుసన్నమాట.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో, అమెరికాలో స్కటిల్ అనే పింగాణి పాత్ర వచ్చింది. చూడడానికి పెద్ద మగ్గు, పక్కన వెడల్పాటి కొమ్ము. లోపల వేణ్ణీళ్ళు, పైన సబ్బు పెట్టుకునే చిల్లుల అర, కొమ్ములో బ్రష్షు. కింది నీళ్ళ వేడి పై సబ్బుకు తగులుతూ ఉంటుంది. అదే కాలంలో అమెరికా క్షౌరశాలల్లో ఖాతాదారులు తమ పేరు బంగారు అక్షరాలతో రాయించుకున్న మగ్గులు అరల్లో పెట్టించుకునేవారు. 1904లో జిలెట్ సేఫ్టీ రేజరుకు పేటెంటు పుచ్చుకున్నాక మగవాళ్ళు ఇంట్లోనే గడ్డం గీసుకోవడం పెరిగి ఆ మగ్గుల వైభవం తగ్గిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మీట నొక్కితే నురగ కక్కే డబ్బాలు వచ్చి గిన్నె అవసరమే లేదన్నాయి. ఆ నురగ మాత్రం చల్లగానే వస్తుంది.

మన దగ్గర నాయీబ్రాహ్మణుల పొదిలో కత్తి, సానరాయి, తోలుపట్టె, కత్తెర, అద్దంతో పాటు నీళ్ళకు ఒక చిన్న గిన్నె తప్పనిసరిగా ఉండేది. గడ్డం గీసిన చేతులే గుడిలో సన్నాయి పట్టేవి. అంటే పెంబర్తి రేకు తొడిగిన ధ్వజస్తంభం కింద మేళం వాయించిన వాళ్ళూ, పొదిలో గిన్నె పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన వాళ్ళూ ఒకరే. ఇప్పుడు పొది పోయి సెలూన్ వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం మొదలైంది. వేణ్ణీళ్ళకు కొరత లేదు. కొరతల్లా ఆ వేడిని నిలిపే పాత్రకే.

వేడి ఎక్కడుంటుంది

మందపాటి గిన్నె అయితే వేడి ఎక్కువసేపు నిలుస్తుందని చాలామంది నమ్మకం. లెక్క చూద్దాం. 200 గ్రాముల నీళ్ళు 60 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చల్లారేటప్పుడు సుమారు 16,700 జౌళ్ళ వేడి ఇస్తాయి. అంతే బరువున్న ఇత్తడి అంతే చల్లారితే ఇచ్చేది 1,500 జౌళ్ళు. పదకొండో వంతు! వేడికి కొట్టుగది నీళ్ళు. లోహం వేడిని దాచుకోదు, చేతులు మారుస్తుంది.

కాబట్టి మనకు కావలసింది దళసరి గిన్నె కాదు. కింద వేణ్ణీళ్ళు, ఆ వేడిని అడ్డుపడకుండా నురగకు అందించే పలచని లోహం, ఆ వేడి బయటికి పోకుండా ఆపే మందపాటి బయటి పాత్ర. లోపల పలచన, బయట దళసరి. భూపాలపల్లి పక్కనే చెల్పూరులో ఉన్న 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రంలోనూ ఇదే సూత్రం. బొగ్గు మంట వేడి బాయిలరులోని లోహపు గొట్టాల గోడలు దాటి నీళ్ళకు చేరుతుంది. ఆ బాయిలరు చుట్టూ మాత్రం వేడి బయటికి పోనివ్వని మందమైన కవచం ఉంటుంది.

అయితే ఒక మాట. ఇంత పలచటి గోడలో స్టీలైనా ఇత్తడైనా అడ్డంగా వేడి దాటడంలో పెద్ద తేడా ఉండదు. మరి ఇత్తడే ఎందుకు? ఆ సమాధానం ఆర్కిమిడీస్ దగ్గర ఉంది. మూతి వెడల్పు 11 సెంటీమీటర్లున్న అర్ధగోళం గిన్నెను 22 గేజి రేకుతో, అంటే సుమారు 0.7 మిల్లీమీటర్ల మందంతో చేశామనుకోండి. దానికి 16 సెంటీమీటర్ల వెడల్పు చక్రం కోయాలి, బరువు 120 గ్రాముల చిల్లర వస్తుంది. అంత తేలిక గిన్నె నీళ్ళలో సగం లోతు మునిగేసరికి తేలడం మొదలుపెడుతుంది. ఇంకా నీళ్ళు పోస్తే పైకి లేచి పక్కకు ఒరిగిపోతుంది. అందుకని నీళ్ళు సగం దాకే పోయగలం. పై సగానికి వేడి గోడ వెంబడి ఎక్కి రావాలి.

అక్కడ తేలుతుంది అసలు తేడా. స్టీలు కంటే ఇత్తడి ఏడు రెట్లు వేగంగా వేడిని మోస్తుంది. స్టీలు గిన్నెలో అడుగు కాలుతుంటే అంచు చల్లగానే ఉండిపోతుంది. ఇత్తడి గిన్నె అంచు మీద వేలు పెడితే కాసేపటికే వెచ్చగా తగులుతుంది. పైగా ఈ గిన్నె తను వేడెక్కడానికి తీసుకునేది చాలా తక్కువ. 120 గ్రాముల ఇత్తడి వెచ్చబడడానికి 11 మిల్లీలీటర్ల నీళ్ళకు పట్టేంత వేడి చాలు. మిగిలిందంతా నురగకే.

పెంబర్తి చెయ్యి

లోహాన్ని పాత్రగా మలిచే తోవలు రెండు. ఒకటి కరిగించి మూసలో పోయడం. ఆదిలాబాద్ ఓజాలు మైనపు మూసతో చేసే డోక్రా పని అలాంటిదే. రెండోది రేకును కొట్టి తిప్పడం. పెంబర్తి పేరంతా ఈ రెండో దానిలో ఉంది. కాకతీయుల కాలంలో రథాలకు, వాహనాలకు రేకు తొడిగిన పని ఇది. కర్రతో చేసిన ఆకారం మీద పలచటి రేకు ఒదిగి కూర్చోవాలి. ఎక్కడా ముడత రాకూడదు, ఎక్కడా చిరగకూడదు. కాకతీయుల తర్వాత ఆదరణ తగ్గి, నిజాముల కాలంలో ఈ పనికి మళ్ళీ ఊపిరి వచ్చింది. అప్పుడు అడిగిన వస్తువులు వేరు: పాన్‌దాన్లు, అత్తరు పాత్రలు, వేలాడే దీపాలు.

మన గిన్నె దృష్టితో చూస్తే ఆ పాన్‌దాన్ చాలా ముఖ్యం. తమలపాకులు వాడిపోకుండా తడి నిలవాలంటే పెట్టె మూత బిగుతుగా కూర్చోవాలి. అలాగని తీయడానికి బలం ఉపయోగించాల్సి రాకూడదు. రెండు రేకులు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో అమరాలి. గుడి పనిలో రేకును కర్రకు అమర్చిన చెయ్యి, పాన్‌దాన్‌లో రేకును రేకుకు అమర్చడం నేర్చింది. నురగ గిన్నెకు కావలసింది అచ్చంగా ఈ నేర్పే.

పని క్రమం చెప్పుకుంటే చిన్నదే. రేకు మీద వృత్తం గీసి కత్తెరతో కోస్తారు. చక్రాన్ని కొలిమిలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారుస్తారు. తర్వాత సుత్తి పని. ఇత్తడికి ఒక గుణముంది. కొట్టే కొద్దీ బిరుసెక్కుతుంది. లోపలి స్ఫటికాలు నలిగి ఇక జరగలేని స్థితికి వస్తాయి. అప్పుడూ కొడితే అంచు పగులుతుంది. అందుకే కొట్టడం, కాల్చడం, మళ్ళీ కొట్టడం. ఎప్పుడు ఆపాలో గడియారం చెప్పదు. సుత్తి కింద రేకు చేసే శబ్దం మారుతుంది, దెబ్బకు సాగే తీరు మారుతుంది. పనివాడి చెవికీ మణికట్టుకూ అది తెలుస్తుంది.

కొట్టే తీరులోనూ రెండు పద్ధతులున్నాయి. గుంట చెక్కిన మొద్దు మీద పెట్టి లోపలి నుంచి కొడితే పని తొందరగా తెములుతుంది, కానీ అడుగు సాగి పలచబడిపోతుంది. దాగలి మీద తిప్పుకుంటూ బయటి నుంచి కొడితే లోహం లోపలికి కుదించుకుంటుంది, అడుగు మందం అలాగే ఉంటుంది, అంచు దళసరి అవుతుంది. దీనికి ఓపిక కావాలి. ఒక్కో చుట్టు దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి వరసగా పడాలి. ఒక్కటి గట్టిగా పడితే సొట్ట, ఒక్కటి తప్పితే బొడిపె. మంచి పనివాడి గిన్నెను దీపం ముందు తిప్పితే దెబ్బల గుర్తులు చేప పొలుసుల్లా వరస తప్పకుండా కనిపిస్తాయి. ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు, ఏదీ వరస తప్పదు.

ఇది తెలిస్తే యంత్రం మీద చేసిన గిన్నెను పట్టుకోవడం కష్టం కాదు. తిరిగే యంత్రానికి రేకు బిగించి ఒత్తిన గిన్నె లోపల సన్నటి వలయాలు అడుగు నుంచి అంచు దాకా ఉంటాయి. చేతిపనిలా కనిపించడానికి అచ్చుతో నొక్కిన చుక్కలున్న గిన్నెలూ బజారులో దొరుకుతాయి. ఆ చుక్కలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. వాటిని వాడకూడదని కాదు. ధర చెప్పేటప్పుడు మాత్రం అది చేతిపని అంటే ఒప్పుకోకండి.

అంచే ప్రాణం

గిన్నెలో అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది అంచు. వేణ్ణీళ్ళు చల్లారడంలో పెద్ద వాటా ఆవిరిది. బయటి పాత్ర మూతికీ గిన్నె అంచుకూ మధ్య సందు ఉంటే ఆవిరి అటునుంచే పోతుంది, దాంతో వేడీ పోతుంది. అంచు బయటికి వాలి, పాత్ర మూతి మీద చుట్టూరా ఆని కూర్చుంటే ఆవిరి లోపలే ఉండి గిన్నె పైసగాన్ని కూడా తాకి వెచ్చబరుస్తుంది. తేలికపాటి గిన్నె పక్కకు ఒరగకుండా పట్టు దొరికేదీ అక్కడే.

పలచటి రేకు అంచును కోసి వదిలేస్తే వేలు తెగుతుంది, కొన్నాళ్ళకు వంకరపోతుంది. మంచి పనివాళ్ళు అంచు లోపల తీగ పెట్టి రేకును దాని మీదికి మడుస్తారు. ఆ మడత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనిపించకూడదు. గోటితో అంచు చుట్టూ గీయండి, ఎక్కడా తట్టుకోకూడదు. బల్ల మీద బోర్లించి వేలితో నొక్కండి, ఊగకూడదు. పాన్‌దాన్ మూత చేసిన చేతికి ఇదేం పెద్ద కష్టం కాదు.

బ్రష్షు కాడ ఆనించుకోవడానికి అంచులో ఒకచోట చిన్న నొక్కు చేయించుకుంటే ఇంకా మంచిది. పాత మంగలి పళ్ళెంలో మెడకు కోత పెట్టినట్టు, వాడకం అడిగిన చోట లోహం వంగాలి. రెండోసారి రాసుకునేదాకా బ్రష్షును చలవరాయి గట్టు మీద పెట్టకుండా గిన్నెలోనే, కుచ్చు నురగలో ఉండేట్టు పెట్టుకోవచ్చు.

ఇక నగిషీ. పెంబర్తి నగిషీ పని లక్క మీద జరుగుతుంది. వేడికి మెత్తబడి చల్లారితే గట్టిపడే లక్క పరుపు మీద రేకును అతికించి, చిన్న ఉలులతో, తేలికపాటి సుత్తితో తీగలు, పువ్వులు తేలుస్తారు. లక్క కింద నుంచి ఆనుగా ఉంటుంది కాబట్టి రేకు చిరగకుండా గీత లోతుగా పడుతుంది. పనయ్యాక వేడి చేసి రేకును విడదీస్తారు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ ఈ గిన్నెకు అది ఎక్కడ ఉండాలి? గోడ బయటి వైపు నీళ్ళలో ఉంటుంది, ఎవరికీ కనిపించదు, సందుల్లో మడ్డి పేరుకుంటుంది. లోపల ఉంటే సబ్బు ఇరుక్కుంటుంది. నా మాట అడిగితే, నగిషీ వాలు అంచు మీద ఒక్క వరస తీగకు పరిమితం కావాలి. లోపల సుత్తి గుర్తులు అలాగే వదలాలి. ఆ సన్నటి ఎత్తుపల్లాలు బ్రష్షు కుచ్చును తడుముతూ నురగ త్వరగా లేవడానికి సాయపడతాయి. ఎక్కడ పని చూపాలో తెలిసినవాడు పనివాడు. ఎక్కడ ఆపాలో కూడా తెలిసినవాడు గొప్ప పనివాడు.

కళాయి, జాడీ

ఒట్టి ఇత్తడిలో సబ్బు నిలవ ఉంటే చిలుము పుడుతుంది. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి పచ్చటి మరకలు వేస్తాయి. దానికి మన పెద్దల మందు కళాయి. గిన్నెను వేడి చేసి, నవసాగరం పొడి చల్లి, తగరం రుద్ది, దూదితో లోపలంతా పులుముతారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గిన్నెకు ఏ హానీ జరగదు. నవసాగరం లోహం మీది మసిని తీసేస్తే తగరం పట్టుకుంటుంది. మంచి కళాయి వెండిలా ఒకే మెరుపుతో ఉంటుంది. మచ్చలు మచ్చలుగా ఉంటే అక్కడ ఇత్తడి బయటపడి ఉన్నట్టే. తగరంలో సీసం కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, శుద్ధ తగరమే కావాలని అడగాలి.

ఒక జాగ్రత్త. షోరూముల్లో పెట్టే అలంకరణ వస్తువులకు మెరుపు పోకుండా పారదర్శకమైన లక్కరు పూస్తారు. గోడకు తగిలించే జ్ఞాపికకు అది మంచిదే. వేణ్ణీళ్ళ గిన్నెకు పనికిరాదు, పొరలు పొరలుగా లేచిపోతుంది.

బయటి పాత్ర విషయానికి వస్తే, మట్టి అనగానే కుండ గుర్తొస్తుంది. ఇక్కడ కుండ పనికిరాదు. వేసవిలో నీళ్ళను చల్లబరిచే గుణమే ఇక్కడ శత్రువు. కుండ గోడ చెమ్మను బయటికి వదులుతుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మనకు కావలసింది గాజుపూత ఉన్న మట్టి. అది ప్రతి తెలుగింట్లోనూ ఉంది: ఆవకాయ జాడీ. వెడల్పు మూతి ఉన్న చిన్న జాడీ గోడ దళసరి, పూత వల్ల చెమ్మ దాటదు, పట్టుకుంటే చెయ్యి కాలదు. ముందు ఓసారి వేణ్ణీళ్ళతో కడిగి పారబోసి, మళ్ళీ పోస్తే జాడీ గోడ కూడా వేడి దాచుకుంటుంది. 400 గ్రాముల జాడీ గోడ అలా దాచుకునే వేడి సుమారు 80 మిల్లీలీటర్ల నీళ్ళ వేడికి సమానం. విదేశాల్లో ఇప్పటికీ కుమ్మరులు రెండు గోడల మట్టి స్కటిళ్ళు చేసి అమ్ముతున్నారు. వాటిలో లోపలి గోడ కూడా మట్టే. జాడీలో ఇత్తడి గిన్నె కూర్చోబెడితే లోపలి గోడ ఇంకా చురుకుగా పనిచేస్తుంది.

వాడే తీరు

నీళ్ళు మసలేవి వద్దు. బ్రష్షు కుచ్చును పట్టి ఉంచే జిగురు వదులవుతుంది, సహజ వెంట్రుకల బ్రష్షయితే వెంట్రుకలూ పెళుసవుతాయి. 60 డిగ్రీలు మించకుండా చూసుకోవాలి. జాడీలో నీళ్ళు పోసి గిన్నె కూర్చోబెట్టి, గిన్నెలోనూ కొద్దిగా గోరువెచ్చని నీళ్ళు పోసి బ్రష్షు నానబెట్టాలి. పంది వెంట్రుకల బ్రష్షయితే నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది. నైలాను బ్రష్షుకు నానబెట్టే పని లేదు, వెచ్చబడితే చాలు. ఈలోగా ముఖం కడుక్కుంటే గడ్డమూ తడుస్తుంది.

తర్వాత గిన్నెలో నీళ్ళు వంపేసి, సబ్బు మీద బ్రష్షు తిప్పి, గిన్నెలో నురగ లేపాలి. నురగ అంటే ఎక్కువ భాగం గాలే కాబట్టి వేడి దానిలోంచి తొందరగా పోదు, గోడ దగ్గరి వెచ్చదనం మధ్యకూ తొందరగా రాదు. బ్రష్షును గోడకు ఆనించి చుట్టూ తిప్పితేనే నురగంతా సమంగా వెచ్చబడుతుంది. రెండోసారి రాసుకునే ముందు మళ్ళీ నాలుగు తిప్పులు తిప్పాలి. అప్పుడు చెంపకు తగిలే నురగ మొదటిసారి ఎంత వెచ్చగా ఉందో దాదాపు అంత వెచ్చగానే ఉంటుంది. ఇంత పలచటి రేకు మీద అంత కష్టపడ్డ ఫలితం ఆ క్షణంలో చెంపకు తెలుస్తుంది.

పనయ్యాక గిన్నె కడిగి తుడిచి బోర్లించాలి. బయటి వైపు వారానికోసారి చింతపండుతో తోమొచ్చు. లోపలి కళాయిని మాత్రం పీచుతో గట్టిగా రుద్దకూడదు. మెత్తటి గుడ్డ చాలు. కళాయి అరిగి ఇత్తడి పసుపు కనిపించినప్పుడు మళ్ళీ వేయించుకోవాలి.

కొనే ముందు

ఇప్పుడు పెంబర్తి పనిలో ఎక్కువగా అడుగుతున్నది సన్మాన సభల్లో ఇచ్చే జ్ఞాపికలు, గోడ బొమ్మలు, కాకతీయ తోరణం నమూనాలు. గుడి పనులు ఎలాగూ ఉన్నాయి. జ్ఞాపిక ఒకసారి చేతులు మారి గోడకెక్కుతుంది, దాని మీద పనితనాన్ని మళ్ళీ ఎవరూ పరీక్షించరు. రోజూ వాడే వస్తువు అడిగేవాళ్ళు తగ్గితే, కొలతకు కొలత అమర్చే పాన్‌దాన్ నాటి నేర్పుకు పని తగ్గుతుంది. చేతికి పని లేకపోతే నేర్పు తర్వాతి తరానికి అందదు. గౌరవం శాలువాతో ఆగకుండా ఆర్డరు దాకా రావాలి.

ఈ గిన్నె తయారుగా అరలో కనిపించకపోవచ్చు, చెప్పి చేయించుకోవాలి. అడగాల్సినవి ఎక్కువ లేవు. "చారన్నా, 22 గేజి రేకుతోని చేస్తవా? అంచుల తీగ పెట్టి మడుస్తవా? లోపల కళాయి పెట్టిస్తవా?" ఈ మూడింటికీ వచ్చే జవాబుతో మీకు మనిషీ తెలుస్తాడు, పనీ తెలుస్తుంది. గేజి అంకె పెరిగితే రేకు పలచన అవుతుందని గుర్తుంచుకోండి. 24 గేజి మరీ పలచన, సొట్టలు పడుతుంది. 20 గేజి బాగా గట్టిది, బరువూ ధరా పెరుగుతాయి. 22 సరిపోతుంది. ఇత్తడి ధర తూకం లెక్కన, మజూరి వేరుగా అడిగి తెలుసుకోండి. మజూరి దగ్గర మాత్రం బేరం ఆడకండి. 120 గ్రాముల లోహానికి అయ్యే ఖర్చు కొద్దిదే, మీరు కొంటున్నది ఆ సుత్తి దెబ్బల వరసను.

వెళ్ళేటప్పుడు ఇంట్లో జాడీని వెంట తీసుకెళ్ళండి. మోయలేకపోతే దాని మూతి లోపలి కొలతా బయటి కొలతా రెండూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అంచు సరిగ్గా కూర్చోని గిన్నె ఎంత అందంగా ఉన్నా నురగను వెచ్చగా ఉంచలేదు.